అకరణీయ సంఖ్యలతో ట్రాక్ అండ్ ఫీల్డ్ లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లాసులో అకరణీయ సంఖ్యలు, గ్రౌండ్‌లో స్టాప్‌వాచ్, టేపు, సున్నం గీతలు. వీటికీ వాటికీ సంబంధం ఏమిటని పిల్లలు అడుగుతారు. పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు తల్లిదండ్రులు అడుగుతారు. స్పోర్ట్స్ మీట్ ముందురోజు పీఈటీ మాస్టార్లూ అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబులివి. వరుసగా చదవక్కర్లేదు, కావలసినదాని దగ్గరికే వెళ్లొచ్చు. రౌండ్ చేయడం గురించిన ప్రశ్నలను మాత్రం వదలకండి, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

దశాంశాలు, క్యాలిక్యులేటర్ ఉండగా భిన్నాలతో పనేముంది?

దశాంశాల్లో రాసిన కొలతలూ అకరణీయ సంఖ్యలే. 12.78 సెకన్లంటే 1278/100, సూక్ష్మీకరిస్తే 639/50. వాచీలో కనిపించే టైమైనా, టేపు మీద చదివే దూరమైనా లవం, హారం పూర్ణసంఖ్యలుగా ఉన్న భిన్నంగా రాయొచ్చు. చిక్కు వచ్చేది భాగహారం దగ్గర.

ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. సగటు వేగం 100 ÷ 479/50, అంటే సెకనుకు 5000/479 మీటర్లు. 479 ప్రధాన సంఖ్య. సూక్ష్మ రూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉంటే దశాంశం అంతం కాదని పాఠంలో చదివిందే. కాబట్టి 10.4 అన్నా, 10.44 అన్నా ఎక్కడో ఒకచోట తెంపి రాసినట్టే.

తెంపితే ఏమవుతుందో చూడండి. వేగం 10.4 అని రాసుకుని, 100 మీటర్లకు ఎంతసేపు పడుతుందో వెనక్కి లెక్కేస్తే 9.615 సెకన్లు వస్తుంది. ప్రపంచ రికార్డులో సెకనులో నూరింట మూడు వంతులకు పైగా మన నోటుబుక్కులోనే పోయింది. 5000/479ని అలాగే ఉంచి ఉంటే వెనక్కి సరిగ్గా 479/50 వచ్చేది. భిన్నాన్ని చివరి మెట్టు దాకా భిన్నంగానే మోయండి. ఈ పేజీలో ఎన్ని లెక్కలున్నా పద్ధతి మాత్రం ఇదొక్కటే.

సెకనుకు మీటర్లను గంటకు కిలోమీటర్లలోకి మార్చేటప్పుడు 18/5 ఎందుకు?

గంటకు 3600 సెకన్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు. 3600/1000 = 18/5. వెనక్కి రావాలంటే దాని గుణకార విలోమం 5/18.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆమె వేగం 40000/5507 × 18/5 = 144000/5507, అంటే గంటకు సుమారు 26.15 కిలోమీటర్లు. బోల్ట్ బెర్లిన్ పరుగులో 60 నుంచి 80 మీటర్ల మధ్య ముక్కకు 1.61 సెకన్లు పట్టింది. 20 ÷ 161/100 × 18/5 = 7200/161, గంటకు 44.72 కిలోమీటర్లు. ఊళ్లో స్కూటర్ మీద మనం వెళ్లే వేగం అది.

2 నిమిషాల 51 సెకన్లను 2.51 నిమిషాలని రాయొచ్చా?

రాయకూడదు. 51 సెకన్లంటే 51/60 నిమిషం, అంటే 17/20. కాబట్టి అది 2 17/20 నిమిషాలు, దశాంశంలో 2.85. గడియారానికి హారం 60, దశాంశానికి 100. 2:51లోని రెండు చుక్కల స్థానంలో ఒక చుక్క పెడితే హారమే మారిపోతుంది.

అన్నిటికన్నా తేలిక, మొత్తం సెకన్లలోకి దించేయడం. అవినాశ్ సాబ్లే 2024లో పారిస్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషాల 9.91 సెకన్లలో ముగించాడు. 8 × 60 + 9.91 = 489.91 సెకన్లు. ప్రతి 400 మీటర్లకు సగటున ఎంత? 489.91 × 400/3000 = 489.91 × 2/15, అంటే 65.32 సెకన్లు. అడ్డాలు దూకుతూ, నీళ్ల గుంటలు దాటుతూ!

కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగో మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో పూర్తి చేశాడు. 7235 సెకన్లను 42.195తో భాగిస్తే కిలోమీటరుకు 171.47, అంటే 2 నిమిషాల 51 సెకన్లకు కాస్త ఎక్కువ. ప్రతి 100 మీటర్లకు 17.15 సెకన్లు. మీ గ్రౌండ్‌లో ఒక్క 100 మీటర్లు 17 సెకన్లలో పరిగెత్తి చూడండి, ఆ తర్వాత అలాంటివి ఇంకా నాలుగు వందల ఇరవై ఉన్నాయనుకోండి.

ఏ పందేనికి ఎన్ని ల్యాప్‌లు?

ల్యాప్ అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు, 400 మీటర్లు. కాబట్టి దూరాన్ని 400తో భాగించడమే. 1500 మీటర్లు 15/4, అంటే మూడు ముప్పావు ల్యాప్‌లు. 5000 మీటర్లు పన్నెండున్నర, 10,000 మీటర్లు 25. అందుకే 1500 మీటర్ల స్టార్ట్ ఫినిష్ లైన్ దగ్గర ఉండదు, అవతలి స్ట్రెయిట్ (వంపు లేని తిన్నని భాగం) మొదట్లో ఉంటుంది. ల్యాప్‌లో పావు వంతు తగ్గింది కదా.

పుస్తకాల్లో వచ్చే రకం లెక్క: 1500 మీటర్ల పందెంలో ఒకమ్మాయి 2 3/8 ల్యాప్‌లు పూర్తి చేసింది, ఇంకా ఎంత దూరం ఉంది? 15/4 − 19/8 = 30/8 − 19/8 = 11/8 ల్యాప్‌లు. 11/8 × 400 = 550 మీటర్లు.

మైలు 1609.344 మీటర్లు. నాలుగు ల్యాప్‌లు పోగా 9.344 మీటర్లు మిగులుతాయి, అందుకే మైలు పందెం గీత ఫినిష్ లైన్‌కు అంత వెనక ఉంటుంది. మారథాన్ అసలు 26 మైళ్ల 385 గజాలు. మైలుకు 1760 గజాలు కాబట్టి 385/1760 = 7/32, మొత్తం 26 7/32 మైళ్లు. 385, 1760 రెండూ 55తో తెగుతాయని ఎంతమందికి తడుతుంది? గ.సా.భా. కనుక్కోమని ఇవ్వడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు కనిపించలేదు. అదే మారథాన్‌ను 400 మీటర్ల ట్రాక్ మీద పరిగెత్తితే 105 39/80 ల్యాప్‌లు.

మొదటి ల్యాప్ సెకనుకు 8 మీటర్లు, రెండో ల్యాప్ 5 మీటర్ల వేగంతో పరిగెత్తితే సగటు వేగం 6.5 కాదా?

కాదు. పరీక్షల్లో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. సగటు వేగమంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. మొదటి ల్యాప్‌కు 400/8 = 50 సెకన్లు, రెండోదానికి 400/5 = 80 సెకన్లు. 800/130 = 80/13, అంటే 6 2/13, సుమారు 6.15.

నెమ్మదిగా పరిగెత్తిన ల్యాప్‌లో ఎక్కువ సేపు గడిపాం కాబట్టి సగటు ఆ వైపుకు లాగబడింది. చెరో 60 సెకన్లు ఆ వేగాలతో పరిగెత్తి ఉంటే మాత్రం 6.5 సరైనదే. ప్రశ్నలో సమానంగా ఉన్నది దూరమా, కాలమా అన్నది ముందు చూసుకోండి. దూరాలు సమానమైతే వేగాల వ్యుత్క్రమాలను కూడాలి: 1/8 + 1/5 = 13/40. రెండును దానితో భాగిస్తే మళ్లీ అదే 80/13.

రుణ అకరణీయ సంఖ్యలు ట్రాక్ మీద ఎక్కడ కనిపిస్తాయి?

లక్ష్యానికి ముందున్నామా, వెనకున్నామా అని చూసే ప్రతిచోటా. అందరికీ తెలిసిన పరుగే తీసుకుందాం. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు. నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తిన మొదటి మనిషి. అతని నాలుగు పావు మైళ్ల టైములు 57.5, 60.7, 62.3, 58.9.

నాలుగు నిమిషాలకు ఒక్కో పావు మైలుకు 60 సెకన్లు. ఆ 60 నుంచి తేడాలు రాయండి: −5/2, +7/10, +23/10, −11/10. మొదటి రెండూ కూడితే −18/10. మూడోది కలిసేసరికి +5/10 అయిపోయింది. అంటే మూడు పావులు పూర్తయ్యేసరికి బానిస్టర్ అర సెకను వెనకబడి ఉన్నాడు. చివరి −11/10 దాన్ని −6/10కి తెచ్చింది. 240 − 0.6 = 239.4, లెక్క సరిపోయింది. టైములను ఊరికే కూడితే ఈ ఆట కనిపించదు. గుర్తులతో సహా కూడితే పందెం మొత్తం కళ్లకు కడుతుంది, పైగా చిన్న సంఖ్యలతో పని కాబట్టి నోటితోనే చేసేయొచ్చు.

ఒకరి ల్యాప్ 70 సెకన్లు, ఇంకొకరిది 98 సెకన్లు. ఇద్దరూ ఎప్పుడు కలుస్తారు? క.సా.గు. తీస్తే చాలా?

ప్రశ్న ఏమడుగుతోందో చూడాలి. "స్టార్టింగ్ లైన్ దగ్గర మళ్లీ ఎప్పుడు కలుస్తారు" అంటే క.సా.గు., 490 సెకన్లు. "మొదటివాడు రెండోవాణ్ని ఎప్పుడు దాటుతాడు" అంటే అది వేరే లెక్క.

సెకనుకు ఒకడు 1/70 ల్యాప్, ఇంకొకడు 1/98 ల్యాప్ పరిగెత్తుతున్నాడు. తేడా 1/70 − 1/98 = 7/490 − 5/490 = 2/490 = 1/245. పూర్తిగా ఒక ల్యాప్ తేడా రావడానికి 245 సెకన్లు. అప్పటికి ఒకడు మూడున్నర ల్యాప్‌లు, ఇంకొకడు రెండున్నర పూర్తి చేశారు. అంటే దాటేది స్టార్టింగ్ లైన్‌కు సరిగ్గా అవతలి పక్కన. ఇద్దరూ ఎదురెదురుగా పరిగెత్తితే తేడా బదులు మొత్తం: 12/490 = 6/245. మొదటిసారి ఎదురుపడేది 245/6, అంటే 40 5/6 సెకన్లకు.

ల్యాప్ టైములే భిన్నాలైతే? 67 1/2, 72 సెకన్లు అనుకోండి. 135/2, 144/2 అని రాసి, లవాలకు క.సా.గు. తీయండి: 2160. దాన్ని 2తో భాగిస్తే 1080 సెకన్లు. ఒకరికి 16 ల్యాప్‌లు, ఇంకొకరికి 15.

400 మీటర్ల పందెంలో బయటి లేన్ వాళ్లు అంత ముందు నుంచి ఎందుకు మొదలుపెడతారు? ఆ దూరం ఎలా లెక్కిస్తారు?

ఆ దూరాన్ని స్టాగర్ అంటారు. ప్రామాణిక ట్రాక్‌లో రెండు స్ట్రెయిట్‌లు, ఒక్కోటి 84.39 మీటర్లు. రెండు అర్ధవృత్తాలు, లోపలి అంచు వ్యాసార్ధం 36.50 మీటర్లు. మొదటి లేన్ దూరాన్ని ఆ అంచు నుంచి 30 సెంటీమీటర్లు బయటికి, అంటే 36.80 వ్యాసార్ధం మీద కొలుస్తారు. మిగతా లేన్లకు లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్లు. మొదటి లేన్‌కు అంచున ఎత్తయిన కెర్బ్ ఉంటుంది, కాలు తగులుతుందని పరిగెత్తేవాళ్లు కాస్త ఎడంగా ఉంటారు. అందుకే ఆ పది సెంటీమీటర్ల తేడా.

లేన్ వెడల్పు 1.22 మీటర్లు. రెండో లేన్ వ్యాసార్ధం 36.50 + 1.22 + 0.20 = 37.92. మొదటిదానితో తేడా 1.12, అంటే 28/25. స్ట్రెయిట్‌లు అందరికీ సమానమే కాబట్టి అదనపు దూరమంతా వంపుల్లోనే. రెండు అర్ధవృత్తాలు కలిపితే ఒక వృత్తం, కాబట్టి అదనపు చుట్టుకొలత 2 × 22/7 × 28/25. హారంలో 7, లవంలో 28 కొట్టేసుకుంటే 176/25 = 7.04 మీటర్లు. ట్రాక్ కొలతల పట్టికల్లో రెండో లేన్ స్టాగర్ కూడా 7.04 మీటర్లే. 22/7 ఇంత ముచ్చటగా తెగే లెక్క అరుదు.

అక్కడి నుంచి ఒక్కో లేన్‌కు 1.22 చొప్పున పెరుగుతుంది: 61/50 × 44/7 = 1342/175, సుమారు 7.67 మీటర్లు. ఎనిమిదో లేన్ వచ్చేసరికి మొత్తం 53.03 మీటర్లు. పందెం మొదట్లో ఎనిమిదో లేన్ రన్నర్‌కు ఎవరూ కనిపించకపోవడానికి కారణం ఇదే, అందరూ వెనకే ఉంటారు.

ఇంకో సంగతి గమనించారా? తేడా తీసేసరికి 36.50 పోయింది. ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా, లేన్ వెడల్పు అంతే ఉంటే పూర్తి ల్యాప్‌కు లేన్‌కూ లేన్‌కూ మధ్య స్టాగర్ అంతే. 200 మీటర్ల పందేనికి వంపు ఒక్కటే కాబట్టి అందులో సగం, రెండో లేన్‌కు 3.52.

మరి ఎప్పుడూ 22/7 వాడొచ్చా?

పరీక్షలో వాడమంటే వాడండి. ట్రాక్ గీసేటప్పుడు వద్దు. పై (π) కరణీయ సంఖ్య, ఏ భిన్నమూ దానికి సమానం కాదు. 22/7 దానికంటే కొంచెం పెద్దది. 184/5 × 22/7 = 4048/35, అంటే ఒక వంపు 115.657 మీటర్లు. రెండు వంపులు, రెండు స్ట్రెయిట్‌లు కలిపితే 400.09. అసలు పొడవు 400.00. తొమ్మిది సెంటీమీటర్ల తేడా 22/7 వల్ల వచ్చింది.

ఈ పొరపాటు ఏ వైపుకు పోతుందో చూడండి. 22/7తో లెక్కేసి 400 మీటర్లని గీసిన ట్రాక్ నిజానికి 400 ఉండదు, కాస్త తక్కువే ఉంటుంది. పొట్టి ట్రాక్ మీద వచ్చిన టైముకు విలువ లేదు. భిన్నమే కావాలంటే 355/113 వాడండి: 184/5 × 355/113 = 13064/113 = 115.6106. మొత్తం 400.001. మిల్లీమీటరు స్థాయికి వచ్చేశాం.

మా స్కూల్లో 200 మీటర్ల ట్రాక్ గీయాలి. వ్యాసార్ధం ఎంత పెట్టాలి?

ముందు స్ట్రెయిట్ ఎంతో తేల్చుకోండి. 50 మీటర్లు అనుకుందాం. రెండు స్ట్రెయిట్‌లు 100 పోగా వంపులకు 100 మిగులుతుంది. వ్యాసార్ధం 50ని పైతో భాగించినంత. 22/7తో 175/11, అంటే 15 10/11 = 15.909. 355/113తో 1130/71 = 15.9155. ఆరు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, వ్యాసార్ధంలో తేడా చుట్టుకొలతలో ఆరు రెట్లకు పైగా అవుతుంది. 22/7తో గీస్తే ల్యాప్ 4 సెంటీమీటర్లు తగ్గుతుంది.

ఇది పరిగెత్తే గీత వ్యాసార్ధం. స్కూలు గ్రౌండ్‌లో కెర్బ్ ఉండదు కాబట్టి సున్నం గీత 20 సెంటీమీటర్లు లోపలికి ఉండాలి: 15.7155. టేపు మీద 15.72 పెట్టండి, 15.71 వద్దు. ఇక్కడ పైకే రౌండ్ చేయాలి, ట్రాక్ ఒక అంగుళం పైచిలుకు ఎక్కువైతే ఫర్వాలేదు, తక్కువైతే కుదరదు. ఇది సున్నం గీతకు బయటి అంచు. మేకు కొట్టి తాడుతో తిప్పడం అలవాటే కానీ కొత్త నైలాన్ తాడు లాగిన కొద్దీ సాగుతుంది. లెక్కలో మిల్లీమీటర్లు చూసుకుని తాడు దగ్గర అరడుగు పోగొట్టుకోవడం ఎందుకు? స్టీలు టేపు వాడండి.

నాలుగు లేన్లు, ఒక్కోటి 1.22 అయితే బయటి అంచు వ్యాసార్ధం 15.72 + 4.88 = 20.60. స్థలం పొడవు 50 + 41.20 = 91.20, వెడల్పు 41.20 మీటర్లు కావాలి. స్థలం తక్కువై లేన్ మీటరుకు కుదించుకుంటే పూర్తి ల్యాప్ స్టాగర్ 44/7, అంటే 6 2/7. పట్టికల్లోని 7.04ను మాత్రం ఇక్కడ వాడొద్దు. అది కెర్బ్ ఉన్న ట్రాక్‌కు. మీకు 1.22 లేన్‌కు రెండో లేన్ నుంచే 7.67.

నాన్నగారు స్టేడియంలో బయటి లేన్‌లో రోజూ 12 రౌండ్లు నడుస్తారు. అది ఎంత దూరం?

ఎనిమిదో లేన్ అయితే ఒక రౌండ్ 453.03 మీటర్లు. పన్నెండు రౌండ్లు 5.44 కిలోమీటర్లు, 4.8 కాదు. ఐదు కిలోమీటర్లే లక్ష్యమైతే 11 రౌండ్లు, ఇంకో 17 మీటర్లు చాలు. అలాగని లోపలి లేన్‌లోకి మాత్రం రానివ్వకండి, అది ప్రాక్టీసు చేసే పిల్లలది.

టైమును రౌండ్ చేసేటప్పుడు 5 కంటే తక్కువైతే వదిలేయొచ్చు కదా?

క్లాసులో అంతే, అథ్లెటిక్స్‌లో కాదు. టైమును ఎప్పుడూ పైకే జరుపుతారు. ఫోటో ఫినిష్ కెమెరా సెకనులో వెయ్యో వంతు దాకా చదువుతుంది, ఫలితాన్ని నూరో వంతుకు పైకి తెచ్చి ప్రకటిస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల 100 మీటర్ల ఫైనల్లో నోవా లైల్స్ 9.784, కిషేన్ థాంప్సన్ 9.789. క్లాసు పద్ధతిలో ఇవి 9.78, 9.79. అథ్లెటిక్స్ నియమంలో రెండూ 9.79. బోర్డు మీద టైము ఒకటే, స్వర్ణం మాత్రం లైల్స్‌ది, ఎందుకంటే స్థానాలు నిర్ణయించేది రౌండ్ చేయని సంఖ్య. తేడా 5/1000 = 1/200 సెకను. సగటు వేగంతో లెక్కేస్తే ఐదు సెంటీమీటర్లు.

చేతి వాచీ అయితే పదో వంతుకు పైకి. 11.21 వచ్చినా 11.3. స్టేడియం బయట జరిగే మారథాన్ లాంటి వాటికి పూర్తి సెకనుకు పైకి.

దూరాలకు దిశ తిరగబడుతుంది. లాంగ్ జంప్, జావెలిన్ లాంటివి సెంటీమీటరుకు కిందికే. 7.849 మీటర్లు దూకినా 7.84. పరుగులో ఎక్కువ టైము నష్టం, దూకడంలో, విసరడంలో తక్కువ దూరం నష్టం. అంటే రెండుచోట్లా సందేహం క్రీడాకారుడికి వ్యతిరేకంగానే తేలుతుంది. కొంచెం కఠినంగా అనిపించినా నాకు ఈ నియమం నచ్చుతుంది. "కనీసం ఇంత చేశాడు" అని ధైర్యంగా చెప్పగలిగే అంకె అదే.

గాలి వేగం −2.03 ఉంటే −2.1 అని రాయాలా?

−2.0 అని రాయాలి. గాలి వేగాన్ని (సెకనుకు మీటర్లలో; వెనక గాలి ధనం, ఎదురుగాలి రుణం) పదో వంతుకు ధన దిశలో రౌండ్ చేస్తారు. +2.03 అయితే +2.1. అదే −2.03 అయితే −2.0. సంఖ్యారేఖ గీసి చూడండి: రెండుసార్లూ కుడివైపుకే జరిగాం. "పైకి" అనగానే అంకె పెద్దది కావాలనుకుంటే రుణ సంఖ్యల దగ్గర దెబ్బతింటాం. −2.1 కంటే −2.0 పెద్దది.

దీని వెనకా అదే తర్కం. వెనక నుంచి తోసే గాలి +2.0 దాటితే 100, 200 మీటర్లు, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ లాంటి వాటిలో రికార్డు ఇవ్వరు. +2.01 కూడా +2.1 అయి రికార్డు పోతుంది. ఎదురుగాలిని మాత్రం ఉన్నదానికంటే తక్కువగానే చూపిస్తారు.

మూడు వాచీలు మూడు టైములు చూపిస్తే సగటు తీయాలా?

తీయరు. మూడింట్లో రెండు ఒకటే చూపిస్తే అదే టైము. మూడూ వేరైతే మధ్యది. 11.2, 11.3, 11.5 అయితే 11.3. సగటు తీస్తే 34/3, అంటే 11.333..., ఒకరి బొటనవేలు ఆలస్యమైనందుకు అందరి లెక్కా చెడిపోతుంది. రెండే వాచీలుంటే ఎక్కువ చూపించినదాన్ని తీసుకుంటారు. స్కూలు మీట్‌లలో సగటు తీసి రెండు దశాంశాలు రాయడం చూస్తుంటాం. చేతి వాచీ టైముకు రెండో దశాంశమే లేదు.

రిలేలో సగటు టైము ఒంటరి పరుగు టైము కంటే తక్కువ ఎలా వస్తుంది?

2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా 4×100 రిలేను 36.84 సెకన్లలో ముగించింది. 36.84/4 = 9.21. ప్రపంచంలో ఎవరూ 100 మీటర్లు 9.21లో పరిగెత్తలేదు, నలుగురి సగటు మాత్రం అది! ఒంటరి పందెంలో నిలుచున్న చోటి నుంచి వేగం అందుకోవాలి. రిలేలో మొదటివాడు తప్ప మిగతా ముగ్గురూ బ్యాటన్ అందుకునేసరికే పరుగులో ఉంటారు.

మన జట్టుదీ ఇదే కథ. 2023లో బుడాపెస్ట్‌లో భారత పురుషుల 4×400 జట్టు 2 నిమిషాల 59.05 సెకన్లలో పరిగెత్తింది. 179.05 = 3581/20, నాలుగుతో భాగిస్తే 3581/80, అంటే 44.7625. అప్పటికి 400 మీటర్ల జాతీయ రికార్డు 45.21. కాబట్టి రిలే సగటును ఒంటరి పరుగు టైముతో నేరుగా పోల్చకండి. భాగహారం సరైనదే, పోలికే తప్పు.

హర్డిల్స్ లెక్కలో నాకెప్పుడూ 8.5 మీటర్లు ఎక్కువ వస్తోంది. ఎందుకు?

పది హర్డిల్స్ అంటే పది ఖాళీలు అనుకుంటున్నారు. ఖాళీలు తొమ్మిదే. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో స్టార్ట్ నుంచి మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 17/2, చివరి హర్డిల్ నుంచి ఫినిష్‌కు 21/2. 13 + 9 × 17/2 + 21/2 = 13 + 153/2 + 21/2 = 13 + 174/2 = 100. ఆరో హర్డిల్ ఎక్కడుంది? 13 + 5 × 17/2 = 55.5 మీటర్ల దగ్గర.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో ఈ దూరాన్ని 12.78 సెకన్లలో దాటి కాంస్యం గెలిచింది. సగటు వేగం 100 ÷ 639/50 = 5000/639, సెకనుకు 7.82 మీటర్లు.

పురుషుల 110 మీటర్లకు 13.72, 9.14, 14.02. 400 మీటర్ల హర్డిల్స్‌కు 45, 35, 40. రెండింటికీ పై లెక్కే చేసి చూసుకోండి.

పి.టి. ఉష పతకం పోగొట్టుకున్నది ఎంత దూరంలో?

1984 లాస్ ఏంజెలిస్, 400 మీటర్ల హర్డిల్స్. ఉష 55.42, కాంస్యం గెలిచిన రొమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారు 55.41. తేడా 1/100 సెకను. ఉష సగటు వేగం 400/55.42, దాన్ని 1/100తో గుణిస్తే 4/55.42 = 0.072 మీటరు, ఏడు సెంటీమీటర్ల చిల్లర. నిజానికి ఇంకా తక్కువే ఉండొచ్చు. చివరి మీటర్లలో 400 హర్డిల్స్ రన్నర్ల వేగం సగటు కంటే పడిపోయి ఉంటుంది.

హెప్టాథ్లాన్ పాయింట్లు కూడా భిన్నాలతో లెక్కించొచ్చా?

కూడిక వరకే. తెలంగాణ అమ్మాయి అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. హెప్టాథ్లాన్‌లోని ఏడు అంశాల పాయింట్లు పూర్ణసంఖ్యలు, కూడేయడమే. ఒక్కో అంశంలో పాయింట్లు వచ్చే సూత్రం మాత్రం వేరు. 800 మీటర్లకు 254 నుంచి సెకన్ల టైము తీసేసి, వచ్చినదాన్ని 1.88 ఘాతానికి పెంచి, 0.11193తో గుణిస్తారు. 1.88 అంటే 47/25. అకరణీయ సంఖ్యను 47/25 ఘాతానికి పెంచితే జవాబు సాధారణంగా కరణీయ సంఖ్య అవుతుంది, ఎంత సూక్ష్మీకరించినా భిన్నంగా కుదరదు. అందుకే దీనికి పట్టిక గానీ క్యాలిక్యులేటర్ గానీ వాడాల్సిందే. వచ్చిన జవాబులో దశాంశ భాగాన్ని కొట్టేసి పూర్ణసంఖ్యను మాత్రమే ఇస్తారు, 899.97 వచ్చినా 899 పాయింట్లే.